నీటి పాఠానికి ముందు ఒక ఆట: ‘చెరువు–గట్టు’ – విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- తరగతి గదిలో ఆరంభ క్రీడ చేయవలసిన పని ఏమిటో వివరించగలుగుతారు.
- ఒక ఆరంభ క్రీడను మూడు కొలమానాలతో పరీక్షించి, దాని గుణదోషాలను చర్చించగలుగుతారు.
- ‘నీరు’ అనే పాఠ్యాంశానికి ‘చెరువు–గట్టు’ ఆట ఎంతవరకు తగినదో నిర్ణయించగలుగుతారు.
- ఆటలోని ఒక నియమాన్ని మార్చితే దాని అర్థం ఎలా మారుతుందో ఉదాహరణతో చూపగలుగుతారు.

1. విషయ పరిచయం

కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఉపాధ్యాయులు పిల్లలతో ఒక చిన్న ఆట ఆడించడం ఇప్పుడు చాలా బడుల్లో కనిపిస్తుంది. శిక్షణ తరగతుల్లో దీన్ని ‘ఐస్‌బ్రేకర్’ అంటారు. మనం ఈ భాగంలో ‘ఆరంభ క్రీడ’ అందాం. పిల్లల బెరుకు పోగొట్టడం దీని మొదటి పని. రాబోయే పాఠం వైపు వాళ్ళ మనసును తిప్పడం రెండో పని. మొదటి పని జరిగితే చాలని, నవ్వులు వినిపిస్తే ఆట ఫలించినట్లేనని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం సరైనదేనా అన్నది ఈ భాగంలోని ముఖ్య ప్రశ్న.

బోధనాశాస్త్రంలో ఈ ఆలోచన కొత్తది కాదు. హెర్బార్ట్ అనుయాయులు పాఠ బోధనను సోపానాలుగా విభజించినప్పుడు మొదటి సోపానాన్ని ‘సన్నాహం’ అన్నారు. పిల్లల మనసులో అప్పటికే ఉన్న భావాలను మేల్కొలిపి కొత్త భావానికి చోటు సిద్ధం చేయడమే సన్నాహం. డేవిడ్ అసుబెల్ 1968లో ప్రచురించిన విద్యా మనోవిజ్ఞాన గ్రంథంలో, నేర్చుకునేవారికి ముందే ఏమి తెలుసన్నదే అన్నిటికంటే ముఖ్యమని వాదించాడు. ఈ దృష్టితో చూస్తే ఆరంభ క్రీడ కేవలం కాలక్షేపం కాదు. పిల్లలకు ముందే తెలిసినదాన్ని అది బయటికి తీసుకురావాలి.

కవితనో కథనో విమర్శించినట్లు ఒక ఆటను విమర్శించవచ్చా అని మీకు సందేహం కలగవచ్చు. విమర్శించవచ్చు. కథకు కథనం ఉన్నట్లే ఆటకు నియమాలుంటాయి. ఆ నియమాలు ఎవరిని లోపల ఉంచుతాయి, ఎవరిని బయటికి పంపుతాయి, దేన్ని గెలుపు అంటాయి అని పరిశీలిస్తే, ఆట మాటల్లో చెప్పని విషయం బయటపడుతుంది.

2. ఆట స్వరూపం

‘చెరువు–గట్టు’ తెలుగు పిల్లలకు పరిచయమైన ఆట. ఊరినిబట్టి పేరు మారుతుంది, ఆడే తీరు మాత్రం దాదాపు ఒకటే. నేల మీద సుద్దముక్కతోనో పుల్లతోనో ఒక గీత గీస్తారు. గీతకు ఒక వైపు చెరువు, రెండో వైపు గట్టు. పిల్లలందరూ గట్టు మీద వరుసగా నిలబడతారు. ఆట ఆడించేవారు ‘చెరువు’ అనగానే గీత దాటి లోపలికి దూకాలి. ‘గట్టు’ అనగానే వెనక్కి దూకాలి. చెరువులో ఉన్నవారికి మళ్ళీ ‘చెరువు’ అని వినిపిస్తే కదలకూడదు. మాటలు మెల్లగా మొదలై వేగం పుంజుకుంటాయి. తప్పుగా దూకినవారు, కదలకూడనప్పుడు కదిలినవారు ‘అవుట్’. వాళ్ళు పక్కకు వెళ్ళి కూర్చోవాలి. చివరికి మిగిలినవారు గెలిచినట్లు.

‘నీరు’ పాఠానికి ముందు ఈ ఆట ఆడించాలని ఉపాధ్యాయులకు తోచడం సహజం. పేరులోనే చెరువు ఉంది. కొనవలసిన వస్తువేమీ లేదు, ఐదు నిమిషాలు చాలు. ఇన్ని సౌకర్యాలు ఉన్నందువల్లనే దీన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. సులువుగా దొరికినదాన్ని మనం సాధారణంగా పరీక్షించకుండానే వాడేస్తాం.

3. మూడు కొలమానాలు

ఏ ఆరంభ క్రీడనైనా ఈ క్రింది మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

(అ) బెరుకు పరీక్ష: తరగతిలో అందరికంటే బెరుకుగా ఉన్న పిల్లకో పిల్లవాడికో ఈ ఆట ఏమి చేస్తుంది? చురుకైనవాళ్ళు ఏ ఆటలోనైనా నవ్వుతారు. అందువల్ల వాళ్ళ నవ్వు ఆటకు కొలత కాదు.

(ఆ) మార్పిడి పరీక్ష: ఆటలో పాఠానికి సంబంధించిన మాటలు తీసేసి వేరే మాటలు పెడితే ఆట మారుతుందా? మారకపోతే ఆ మాటలు అలంకారం మాత్రమే.

(ఇ) కొనసాగింపు పరీక్ష: ఆట ముగిసిన తరువాత పాఠం జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటైనా పిల్లల దగ్గర మిగిలిందా?

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
1. ఆరంభ క్రీడ చేయవలసిన రెండు పనులు ఏమిటి?
2. చురుకైన పిల్లల నవ్వును ఆటకు కొలతగా ఎందుకు తీసుకోకూడదు?

4. ఆటలోని బలం

ముందు ఈ ఆటకు ఉన్న మంచి గుణాలను గుర్తిద్దాం. మొదటిది భాష. ‘జలాశయం’, ‘ఆనకట్ట’ వంటి పుస్తక పదాలతో కాకుండా, పిల్లలు ఇంట్లో వినే రెండు మాటలతో ఆట మొదలవుతుంది. రెండవది శరీరం. పిల్లలు జవాబు చెప్పనక్కరలేదు, దూకితే చాలు. నోరు విప్పడానికి భయపడే పిల్లలకు ఇది పెద్ద ఊరట. మూడవది ఊహ. వైగోట్‌స్కీ పిల్లల ఆటల గురించి రాస్తూ, కర్రను గుర్రం అనుకుని స్వారీ చేసే పిల్లవాడు కంటికి కనిపించే వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం నేర్చుకుంటున్నాడని వివరించాడు. సుద్దగీతకు అవతల నీళ్ళు లేవు. ఉన్నాయని ముప్పైమంది కలిసి ఒప్పుకున్నారు. ఒక ఊరి చెరువు నిలవాలన్నా అలాంటి ఒప్పుదలే కావాలి. ఈ విషయాన్ని 6వ విభాగంలో మళ్ళీ చూస్తాం.

5. ఆటలోని లోపం: ‘అవుట్’ అనే నియమం

ఇప్పుడు బెరుకు పరీక్ష పెడదాం. ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. పక్క ఊరి నుంచి వచ్చింది, ఇంకా ఎవరితోనూ స్నేహం కుదరలేదు. ఆట మొదలైంది. రెండో పిలుపుకే తడబడి గీత దాటింది. ‘అవుట్, అవుట్’ అని అందరూ అరిచారు. ఆ అమ్మాయి గోడ పక్కన కూర్చుని మిగతా ఆటంతా చూసింది. కాలికి ఇబ్బంది ఉన్న పిల్లవాడి సంగతీ, వినికిడి తక్కువైన పిల్లవాడి సంగతీ ఇంతే. ఎవరి కోసం ఆరంభ క్రీడను పెట్టామో, వాళ్ళనే అది ముందుగా బయటికి పంపింది. ఆట జరిగిన ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు ఆడినవాళ్ళు, అసలు ఆ సాయం అవసరం లేనివాళ్ళు.

అంటే ఈ ఆటలోని ‘అవుట్’ నియమం ఆరంభ క్రీడ ఉద్దేశానికే విరుద్ధం. పోటీ క్రీడలో తొలగింపు తప్పు కాదు, అక్కడ ఒకరిని ఎంచుకోవడమే లక్ష్యం. ఇక్కడ అందరినీ కలపడం లక్ష్యం. వీధిలో ఆడుకునేటప్పుడు ఓడిన పిల్లవాడు అలిగి ఇంటికి పోవచ్చు, ఇంకో ఆటలో చేరవచ్చు. తరగతిలో ఆ స్వేచ్ఛ లేదు. ఉపాధ్యాయుడి ఎదుట ఓడి, ఆ వెంటనే అదే ఉపాధ్యాయుడి పాఠం వినాలి.

మార్పిడి పరీక్షలోనూ ఆట నిలవదు. ‘చెరువు–గట్టు’కు బదులు ‘ఎరుపు–పచ్చ’ అనండి. ఒక్క నియమమూ మారదు. ఇది శ్రద్ధగా వినే శక్తిని పరీక్షించే ఆట మాత్రమే, నీటికి ఇందులో పని లేదు. కొనసాగింపు పరీక్షలో ఫలితం కూడా ఇంతే. ఆట అయిపోయాక పిల్లల దగ్గర మిగిలేది ‘ఎవరు గెలిచారు?’ అన్న ప్రశ్న. దానికి పాఠంలో జవాబు అవసరం లేదు.

ఇక్కడితో ఆగి ‘ఈ ఆట పనికిరాదు’ అని తీర్పు చెప్పడం సులభం. కాని మంచి విమర్శ, రచన చేసిన పనితో పాటు చేయగలిగి చేయకుండా వదిలేసిన పనిని కూడా చూస్తుంది. ఈ ఆట వదిలేసిన పని దాని పేరులోని రెండో మాటలో ఉంది.

6. ‘గట్టు’ అనే మాటలో ఉన్న పాఠం

ఆటలో చెరువు, గట్టు పరస్పర వ్యతిరేకాలు. ఒకటి నీరు, ఒకటి నేల. ఊళ్ళో అలా కాదు. గట్టు వల్లనే చెరువు ఉంది. తెలుగు ప్రాంతాల్లోని చెరువులు చాలావరకు తమంతట తాము ఏర్పడిన సరస్సులు కావు. వాలు మీదుగా జారిపోయే వాన నీటికి అడ్డంగా మట్టితో, రాతితో కట్ట పోసి నిలిపినవి. కట్ట తెగితే చెరువు ఒక్క రాత్రిలో పొలాల మీద పడి పోతుంది. సుద్దగీతకు మందం లేదు. నిజమైన గట్టుకు మందం ఉంది, దాని వెనుక మనుషుల చెమట ఉంది.

దీనికి శాసనాల సాక్ష్యం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి అక్కడి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను పేర్కొంటుంది. ఆ పని రెండేళ్ళు సాగిందనీ, రోజూ 1000 మంది కూలీలు పనిచేశారనీ, తూముకూ గోడలకూ కావలసిన సామగ్రి కోసం 100 బండ్లు తిరిగాయనీ చెబుతుంది. దోషాల జాబితాలో కట్ట నుంచి నీరు కారడం, చవిటి నేల వంటివి ఉన్నాయి. ఇవి ఎవరైనా ఊహించగలిగేవే. వాటి పక్కనే మరో దోషం ఉంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఇది మట్టికి, రాతికి సంబంధించిన లోపం కాదు. పంచుకోవడంలో తగాదా వచ్చే చోట చెరువు నిలవదని ఆరున్నర శతాబ్దాల కిందటే గ్రహించారన్నమాట.

కాకతీయుల కాలపు రామప్ప, పాకాల చెరువులు నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. ఇన్నేళ్ళు నిలవడానికి ఒకసారి బాగా కట్టడం మాత్రమే కారణం కాదు. పూడిక తీయాలి, కట్టకు మట్టి వేయాలి, తూము సరిచూడాలి. పొలాలకు వంతులవారీగా నీరు వదలడానికి ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు. అతన్ని కొన్నిచోట్ల నీరటి అనీ, కొన్నిచోట్ల నీరుగంటి అనీ పిలిచారు. ఈ బాధ్యత సన్నగిల్లినప్పుడు చెరువులు పూడిపోయాయి. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించాలని 2015లో ‘మిషన్ కాకతీయ’ చేపట్టవలసి వచ్చింది అందుకే.

ఇప్పుడు సుద్దగీత వైపు మళ్ళీ చూడండి. పిల్లలు దూకుతున్నకొద్దీ అది చెరిగిపోతుంది. చెరిగినప్పుడు ఎవరో ఒకరు వంగి మళ్ళీ గీస్తారు. మామూలుగా ఎవరూ పట్టించుకోని ఆ క్షణమే నీటి పాఠానికి అసలైన ప్రారంభం. ‘ఈ గీత ఎవరిది? చెరిగితే ఎవరు గీయాలి?’ అని ఉపాధ్యాయుడు ఆ క్షణంలో అడిగితే, కొనసాగింపు పరీక్షలో ఆట నెగ్గుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
1. ‘చెరువు–గట్టు’ ఆట మార్పిడి పరీక్షలో ఎందుకు విఫలమవుతుంది?
2. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన దోషాల్లో సామాజిక స్వభావం గలది ఏది?

7. అందరూ దిగే చెరువు

ఈ ఆటలో ఇంకో విషయం కూడా ఎవరూ గమనించకుండా జరిగిపోతుంది. ‘చెరువు’ అనగానే తరగతిలోని పిల్లలందరూ ఒకే చెరువులోకి దూకుతారు. ఆటలో ఇది చాలా సులభం. చరిత్రలో ఇంత సులభంగా జరగలేదు.

మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదార్ చెరువు ఉంది. ప్రజాధనంతో నిర్వహించే నీటి వనరులను అస్పృశ్యులుగా ముద్రపడినవారు కూడా వాడుకోవచ్చని బొంబాయి శాసన మండలి 1923లో తీర్మానించింది. దాని ప్రకారం మహాడ్ పురపాలక సంఘం ఆ చెరువును అందరికీ తెరిచింది. కాగితం మీద తెరిచినా గట్టు మీద తెరవలేదు. 1927 మార్చి 20న డా. బి.ఆర్. అంబేడ్కర్ నాయకత్వంలో వేలాదిమంది ఆ చెరువు దగ్గరికి నడిచి వెళ్ళి నీళ్ళు తాగారు. ఆ తరువాత వాళ్ళ మీద దాడులు జరిగాయి. చెరువు మైలపడిందని దాన్ని ‘శుద్ధి’ చేశారు. వివాదం న్యాయస్థానాలకెక్కి, 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో ముగిసింది. స్వతంత్ర భారత రాజ్యాంగం 15వ అధికరణలో వివక్షను నిషేధిస్తూ బావులు, చెరువులు, స్నానఘట్టాలను పేరుపెట్టి చెప్పవలసి రావడానికి ఇలాంటి చరిత్రే కారణం.

మన ఊళ్ళలో కూడా ‘ఏ బావి ఎవరిది’ అన్న లెక్క పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో ఉంది. కొన్నిచోట్ల జ్ఞాపకం మాత్రమే కాదు. ఆ ఇళ్ళ పిల్లలే ఒకే సుద్దగీత దగ్గర పక్కపక్కన నిలబడి ఒకే చెరువులోకి దూకుతారు. ఆటలో ఇంతకంటే విలువైన నియమం లేదు. ఆడేవారికిగాని ఆడించేవారికిగాని ఆ సంగతి తట్టదు.

ఈ వెలుగులో చూస్తే ‘అవుట్’ నియమం మొదట అనుకున్నదానికంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. అది బెరుకుగల పిల్లలకు అసౌకర్యం కలిగించడంతో ఆగదు. నీరు గురించి మొదలుపెట్టే పాఠంలో ‘నీకు చెరువులో చోటు లేదు’ అని పిల్లల్లో ఒక్కొక్కరికే చెప్పి బయటికి పంపుతుంది. చివరికి ఒక్కరే చెరువులో మిగిలితే దాన్ని గెలుపు అంటుంది. నీటి పాఠానికి ఇంతకంటే తప్పుడు ముగింపు ఉండదు.

8. ఇతర ఆరంభ కృత్యాలతో పోలిక

నీటి పాఠానికి వాడే మరో మూడు కృత్యాలను సంక్షిప్తంగా చూద్దాం.

లీటరు నీళ్ళ ప్రదర్శన. ఒక లీటరు నీటిని భూమ్మీది నీరంతా అనుకుంటారు. అందులో మంచినీరు సుమారు 25 మిల్లీలీటర్లు. ఆ మంచినీటిలో దాదాపు 17 మిల్లీలీటర్లు మంచు రూపంలో, ఏడున్నర మిల్లీలీటర్లు భూగర్భంలో ఉంటాయి. నదులు, సరస్సుల్లో ఉండేది ఒకటి రెండు చుక్కలే. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అంకెలు సరైనవే, ఆశ్చర్యమూ నిజమే. కాని ఈ కృత్యం నీటిని గిన్నెలో కదలకుండా ఉన్న నిల్వగా చూపుతుంది. నీరు ఆవిరై, వానై తిరిగి వస్తుందన్న సంగతి అందులో కనిపించదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే ఊళ్ళో ఒక వీధి కుళాయిలో నీళ్ళు వచ్చి ఇంకో వీధిలో ఎందుకు రావో ఆ చుక్క చెప్పలేదు. కొరతకు ప్రకృతి ఒక్కటే కారణమన్న భావం పిల్లల్లో మిగులుతుంది.

పాచికల ప్రయాణం. అమెరికాలో 1984లో మొదలైన ‘ప్రాజెక్ట్ వెట్’ జల విద్యా కార్యక్రమం రూపొందించిన ఆటల్లో ఇది ప్రసిద్ధం. పిల్లలు నీటి బిందువులై మేఘం, సముద్రం, నది, సరస్సు, భూగర్భజలం, నేల, మొక్క, జంతువు, హిమానీనదం అనే తొమ్మిది చోట్ల మధ్య పాచిక పడినట్లు తిరుగుతారు. జలచక్రం బొమ్మలో గీసినంత నున్నని వలయం కాదని ఇది చక్కగా తెలుపుతుంది. మార్పిడి పరీక్షలో పూర్తిగా నెగ్గే ఆట ఇది, నీటిని తీసేస్తే ఆటే ఉండదు. అయితే తొమ్మిది పాచికలు తయారుచేయాలి, దాదాపు ఒక పీరియడ్ పడుతుంది. ఇది పాఠంగా గొప్పది, పాఠానికి వాకిలిగా పెద్దది.

పరిచయాల వలయం. పిల్లలు గుండ్రంగా కూర్చుని పేరు చెప్పి, ‘మా ఇంటికి నీళ్ళు ఎలా వస్తాయి’, ‘ఈరోజు ఎన్ని బకెట్ల నీళ్ళు వాడాను’ అని చెబుతారు. పూర్వజ్ఞానాన్ని బయటికి తీసే కృత్యంగా ఇది బాగుందనిపిస్తుంది. కాని తెల్లవారకముందే లేచి ట్యాంకర్ దగ్గర బిందెతో నిలబడి, అందువల్ల బడికి ఆలస్యమై తిట్లు తిన్న అమ్మాయి ఆ వలయంలో ఏమి చెబుతుంది? ఇంట్లో మూడు కుళాయిలున్న పిల్లవాడి తరువాత ఆమె వంతు వస్తే అబద్ధం చెబుతుంది, లేదా తల వంచుకుంటుంది. పిల్లల జీవితాన్ని తరగతిలోకి తీసుకురావాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. దానర్థం, పేదరికాన్ని అందరి ముందు ఒప్పుకోమని అడగడం కాదు. తనంతట తాను చెప్పేందుకు చోటివ్వడం వేరు, వంతు వచ్చింది గనుక చెప్పమనడం వేరు.

ఈ పోలికతో ‘చెరువు–గట్టు’కు ఉన్న ఒక సుగుణం మళ్ళీ తేటపడుతుంది. అది ఎవరి ఇంటి గురించీ అడగదు. అందరికీ ఒకే చెరువు ఇస్తుంది. కాబట్టి ఆటను వదులుకోకుండా నియమాన్ని మార్చడం మేలు.

9. ఒక సవరణ: గొలుసుకట్టు చెరువులు

‘అవుట్’ తీసేస్తే వేగం, ఉత్కంఠ పోతాయని కొందరు అంటారు. నిజమే, తప్పు చేసినవారికి ఏదో ఒకటి జరగాలి. ఏమి జరగాలో మన చెరువులే చెబుతాయి. చెరువు నిండితే అదనపు నీరు కట్ట మీద నుంచి పొర్లి కట్టను తెంచకుండా, కట్ట చివర ఉన్న అలుగు మీదుగా బయటికి పోతుంది. దీన్నే కొన్ని ప్రాంతాల్లో మత్తడి, మరికొన్ని చోట్ల కలుజు అంటారు. ఆ నీరు వృథా కాదు. వాగు వెంట పోయి కింది చెరువును నింపుతుంది. ఇలా ఒకదాని కింద ఒకటిగా ఉన్నవాటినే గొలుసుకట్టు చెరువులు అంటారు.

కాబట్టి నేల మీద తిన్నని గీతకు బదులు నెలవంక ఆకారంలో కట్ట గీయండి. చివర ఒకచోట అలుగు గుర్తు పెట్టండి. కొంచెం దూరంలో ఇంకో నెలవంక గీయండి, అది కింది చెరువు. ఆట ఇంతకుముందులాగే మొదలవుతుంది. తడబడినవారు పక్కన కూర్చోరు. అలుగు మీదుగా కింది చెరువులో చేరి, అదే పిలుపుకు అక్కడ ఆడుతూనే ఉంటారు. కింది చెరువులో పదిమంది చేరగానే వాళ్ళలో ఒకరు ‘వాన’ అని అరుస్తారు. అప్పుడు కింది చెరువులోని వారంతా మబ్బులై పైకి పరుగెత్తి పై చెరువులో చేరతారు. దూకలేని పిల్లలు ఉంటే ‘దూకడం’ బదులు ‘చెయ్యెత్తడం’ అని తరగతి అంతటికీ నియమం మార్చాలి, ఒక్కరికే కాదు. ఏడెనిమిది నిమిషాలు చాలు.

ఇప్పుడు మళ్ళీ మూడు పరీక్షలు పెట్టండి. తడబడిన అమ్మాయి ఆటలోనే ఉంది, పైగా ‘వాన’ అని పిలిచే అవకాశం ఆమెకే రావచ్చు. అలుగు, వాన, కింది చెరువు అన్న మాటలు తీసేస్తే ఆట నడవదు. ఆట ఆగగానే మూడు ప్రశ్నలు సిద్ధంగా ఉంటాయి: గట్టు లేకపోతే ఏమయ్యేది? పై చెరువు నిండకపోతే కిందివాళ్ళ సంగతేమిటి? గీత చెరిగితే ఎవరు గీయాలి?

ఈ సవరణకూ పరిమితులున్నాయి. కింది చెరువు ‘తెలివితక్కువవాళ్ళ చెరువు’ అని పిల్లలు పేరు పెట్టే ప్రమాదం ఉంది. అందుకే రెండో విడత ఆటను కింది చెరువు నుంచే మొదలుపెట్టాలి. ముప్పైమంది పరుగెత్తే చోటు ఇరుకు గదిలో దొరకదు, వరండాకో చెట్టు కిందికో వెళ్ళాలి. చెరువే లేని నగర బస్తీ బడిలో ‘అలుగు’ అన్న మాట కొత్తగా ఉంటుంది. అక్కడ మిద్దె మీది నీళ్ళ ట్యాంకు నిండి గొట్టంలోంచి పొర్లడాన్ని గుర్తుచేసి మొదలుపెట్టవచ్చు. అంతకంటే ముఖ్యమైనది, ఆటలో వాన ఎప్పుడూ వస్తుంది, పిలిస్తే చాలు. నిజంలో రాదు. ఆ తేడాను ఆట చెప్పలేదు, పాఠమే చెప్పాలి.

10. సారాంశం

ఆరంభ క్రీడను పిల్లల నవ్వుతో కాక, దాని నియమాలు చేసే పనితో అంచనా వేయాలి. ‘చెరువు–గట్టు’లో భాష, శరీర చలనం, ఉమ్మడి ఊహ బలమైన అంశాలు. ‘అవుట్’ నియమం వల్ల అది ఆరంభ క్రీడగానూ, నీటి పాఠానికి ప్రవేశంగానూ దెబ్బతింటోంది. గట్టు అనే మాటలో మనుషుల శ్రమ, నిర్వహణ, పంపకం ఉన్నాయి. అందరూ ఒకే చెరువులోకి దిగడమన్నది చరిత్రలో పోరాడి సాధించుకున్న హక్కు. తొలగింపు స్థానంలో అలుగును, కింది చెరువును పెడితే ఆట ఆ అర్థాలను మోయగలుగుతుంది. చెరువు ఆటలో ఎవరినీ గట్టు బయటికి పంపకూడదన్నది ఈ విమర్శ సారం.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘చెరువు–గట్టు’ ఆటను ఆరంభ క్రీడగా మూడు కొలమానాలతో విమర్శించండి.
2. ఆటలోని ఒక నియమం సామాజిక అర్థాన్ని ఎలా సంతరించుకుంటుందో మహాడ్ ఉదంతం ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లీటరు నీళ్ళ ప్రదర్శనలోని గుణదోషాలను తెలపండి.
2. పరిచయాల వలయంలో పిల్లలకు ఇబ్బంది కలిగే సందర్భాన్ని వివరించండి.
3. మీరు చిన్నప్పుడు ఆడిన ఏదైనా ఒక ఆటలో ‘ఓడినవారికి ఏమి జరుగుతుంది’ అన్న నియమాన్ని పరిశీలించి, దాన్ని ఎలా మారుస్తారో రాయండి.

పదకోశం

అలుగు: చెరువు నిండినప్పుడు అదనపు నీరు బయటికి పోయే కట్టడం, మత్తడి, కలుజు.
తూము: చెరువు నీటిని పొలాలకు వదిలే ద్వారం.
పూడిక: చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు మట్టి.
నీరటి, నీరుగంటి: పొలాలకు వంతులవారీగా నీరు వదిలే గ్రామ సేవకుడు.
గొలుసుకట్టు చెరువులు: ఒకదాని అలుగు నీరు మరొకదానికి చేరేలా వాలు వెంట ఉన్న చెరువుల వరుస.